డ్రెయిన్ తిప్పినంత మాత్రాన ఖాళీ కాదు: మంచు పడేలోగా ట్రైలర్ నీళ్ల పైపుల సంగతి

ప్రశ్న: మేం మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. ఈ వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. వంటగది, షవరు, టాయిలెట్, వేణ్నీళ్ల హీటరు అన్నీ ఉన్నాయి. అక్టోబరులో ఆఖరి ట్రిప్ అయ్యాక ఇంటి ముందే పెట్టేస్తాం. డాలస్‌లో ఉండే మా బావగారు "ట్యాంకు ఖాళీ చేసి కుళాయిలన్నీ తిప్పి వదిలేయ్, చాలు" అంటున్నారు. పక్కింటాయన కంప్రెసర్‌తో గాలి కొట్టమంటున్నాడు. డీలరు పింక్ యాంటీఫ్రీజ్ ఎక్కించడానికి 200 డాలర్లు అడుగుతున్నాడు. ఏది సరైన పద్ధతి? లోపల చిన్న రూమ్ హీటరు పెట్టి ఉంచితే సరిపోదా? క్రిస్మస్ సెలవుల్లో ఈ ట్రైలర్‌తోనే డాలస్ వెళ్లాలనుకుంటున్నాం. అప్పుడు మళ్లీ నీళ్లు నింపుకోవచ్చా?

జవాబు: మీ బావగారి సలహా డాలస్‌లో చాలా ఏళ్లు నడిచిపోతుంది. అక్కడి చలి ఒకట్రెండు రాత్రులు గట్టిగా పట్టి, పొద్దెక్కేసరికి వదిలేస్తుంది. అదీ ప్రతి ఏడూ కాదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 2 ఫారన్‌హీట్‌కి పడిపోయినప్పుడు ఇళ్లలో పైపులే పగిలిపోయాయి, ట్రైలర్ల మాట చెప్పక్కర్లేదు. మీ దగ్గర జనవరిలో వరసగా కొన్ని రోజులపాటు పగలు కూడా నీరు గడ్డకట్టే 32 డిగ్రీలు దాటదు. 2019 జనవరి ఆఖర్లో డెట్రాయిట్ చుట్టుపక్కల మైనస్ 10 కన్నా కిందికి దిగింది. అంత చలికి కుళాయి తిప్పి వదిలేస్తే సరిపోదు.

ఎందుకంటే తెరిచిన చోటునుంచి కారే నీళ్లు కారిపోతాయి గానీ, కారడానికి దారిలేని నీళ్లు అక్కడే ఉండిపోతాయి. నీటి పంపు తల లోపల రెండు మూడు చెంచాలు. పంపు ముందుండే వడపోత గిన్నెలో కాసిని. టాయిలెట్ పెడల్ కింద ఉండే వాల్వులో కొంచెం. షవర్ మిక్సర్ లోపల, పైపు ఎక్కడైనా కాస్త కిందికి వేలాడితే ఆ వంపులో ఇంకొంచెం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ట్రైలర్లలో వాడే పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కాబట్టి చాలాసార్లు బతికిపోతుంది. దానికి తగిలించిన ప్లాస్టిక్ ఎల్బోలు (మలుపు అతుకులు), వాల్వులు, పంపు తల సాగవు, చిట్లుతాయి. ఆ చిట్లిన సంగతి మంచు ఉన్నంతకాలం తెలియదు. ఏప్రిల్‌లో నీళ్లు పెట్టగానే టాయిలెట్ వెనకాల నేల తడుస్తుంది, లేదా సింకు కింద అల్మరాలోంచి నీళ్లు బయటికొస్తాయి. ఆరు డాలర్ల ఎల్బో పగిలినందుకు ప్లైవుడ్ నేల కుళ్లిపోవడమే అసలు నష్టం.

గాలా, పింకా? గాలి నీళ్లని బయటికి తోస్తుంది, పింక్ యాంటీఫ్రీజ్ నీళ్ల స్థానంలో పైపుల్లో నిలిచి వాటిని పగలనివ్వదు. రెండూ పనిచేస్తాయి. మొదటి ఏడు మాత్రం మీరు పింక్‌తోనే చేయండని మా సలహా. కారణం ఒక్కటే: గాలి కొట్టినప్పుడు పైపులో ఇంకెంత నీరు మిగిలిందో మీకు కనబడదు. పింక్ ఎక్కించినప్పుడు ప్రతి కుళాయి దగ్గరా రంగు కనబడుతుంది. ఈ ట్రైలర్‌లో పైపులు ఎటునుంచి ఎటు పోయాయో మీకింకా తెలియదు, రంగే మీకు చూపిస్తుంది. పాత యజమాని ఏమేం తగిలించాడో, ఏం పీకేశాడో కూడా అప్పుడే బయటపడుతుంది. గాలి పద్ధతిలోనూ పంపుకీ, సింకుల కింద వంపు తిరిగిన పైపులకీ (ట్రాపులకీ) పింక్ పోయక తప్పదు.

అయినా గాలే కొడతానంటే, బయట నీళ్ల గొట్టం తగిలించే చోటుకి, అంటే సిటీ వాటర్ ఇన్‌లెట్‌కి బిగించే బ్లోఔట్ ప్లగ్ (కంప్రెసర్ గొట్టాన్ని కలిపే బిరడా) కొనుక్కోండి. రెగ్యులేటర్‌ని 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర పెట్టండి, 50 దాటనివ్వద్దు. ముందే ఒక కుళాయి తెరిచి ఉంచి, ఆ తర్వాతే గాలి వదలాలి. అన్నీ మూసి గాలి వదిలితే అతుకుల మీద పడుతుంది. కారు టైర్లకు వాడే బుల్లి కంప్రెసర్‌తో ఈ పని అవదు. దానికి ఒత్తిడి ఉంటుంది గానీ నీటిని తోసుకుపోయేంత గాలి ఉండదు. నీటి మీదుగా బుడగలు పోతాయి, నీళ్లు కిందే ఉండిపోతాయి. ట్యాంకున్న కంప్రెసర్ కావాలి.

ఇక కొనాల్సినవి. పింక్ యాంటీఫ్రీజ్ అంటే ఆర్వీల (ట్రైలర్ల లాంటి బండి ఇళ్ల) కోసం అమ్మే ప్రొపిలీన్ గ్లైకాల్. కారు రేడియేటర్‌లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం, తాగునీటి పైపుల్లోకి చుక్క కూడా రాకూడదు. రంగు చూసి మోసపోకండి, సీసా వెనక లేబుల్ చదవండి. కొన్ని చవకరకాల్లో ఇథనాల్ కలుపుతారు. అది రబ్బరు సీళ్లను ఎండబెడుతుంది, వసంతంలో ఎన్నిసార్లు కడిగినా రుచి పోదు, పైగా మండే గుణం ఉంది. లేబుల్ మీద ఆల్కహాల్ లేదని ఉన్నదే తీసుకోండి. మీ సైజు ట్రైలర్‌కి, హీటర్‌ని బైపాస్ చేస్తే (దానిలోకి పోకుండా పక్కనుంచి దారి మళ్లిస్తే), రెండు నుంచి మూడు గాలన్లు పడుతుంది. నాలుగు కొనండి, మిగిలితే డాలస్ ట్రిప్‌కి పనికొస్తుంది.

సీసా మీద మైనస్ 50 అని రాసి ఉంటుంది. అంటే మైనస్ 50 దాకా ద్రవంగా ఉంటుందని కాదు, అప్పటిదాకా పైపు పగలనివ్వదని. అంతకు ఎంతో ముందే అది ఐస్ గోలాలాగా మెత్తగా చిక్కబడుతుంది. చిక్కబడినా పైపుని నెట్టదు కాబట్టి ఫరవాలేదు. కానీ ఆ లెక్క చిక్కటి పింక్‌కే. పైపుల్లో నీళ్లుండగానే ఎక్కిస్తే పలచబడుతుంది, పలచబడిన కొద్దీ ఆ మైనస్ 50 కాస్తా పైకి జరుగుతుంది. ముందు నీళ్లన్నీ దింపాకే పింక్ ఎక్కించమనేది ఇందుకే. కుళాయిలోంచి లేత గులాబీ రంగు రాగానే సంబరపడి కట్టేయకూడదన్నదీ ఇందుకే.

బ్లాక్ (టాయిలెట్ మురుగు), గ్రే (సింకు, షవరులో వాడిన నీళ్లు) ట్యాంకులు ఇంటికి రాకముందే, మురుగు వదిలే డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసుకురండి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లు అదే గొట్టాన్ని కడుగుతూ పోతాయి. మన వంటల పోపు నూనె గ్రే ట్యాంకులో పేరుకుంటుంది, చలికి గడ్డకట్టి వాల్వు అంచుకి పట్టేస్తుంది. డంప్ చేసేముందు వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి సింకులో పోస్తే కొంత నయం. అక్టోబరు మధ్యకొచ్చేసరికి చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్ల కుళాయిలు కట్టేస్తారు. ఆఖరి ట్రిప్ బుక్ చేసేటప్పుడే అక్కడి డంప్ స్టేషన్ తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి.

ఇంటికొచ్చాక, గాలి ఉష్ణోగ్రత 32 పైన ఉన్న రోజు మధ్యాహ్నం మొదలుపెట్టండి. ఫ్రెష్ వాటర్ ట్యాంక్ డ్రెయిన్ తెరవండి. ట్రైలర్ అడుగున పక్కపక్కనే రెండు పైపులు కిందికి వేలాడుతూ ఉంటాయి, ఒకటి వేణ్నీళ్లది, ఒకటి చన్నీళ్లది. తరచు ఎరుపు, నీలం రంగుల్లో ఉంటాయి. అవే లో పాయింట్ డ్రెయిన్లు. రెంటి మూతలూ తీసి, లోపల కుళాయిలన్నీ వేడి చల్లా రెండువైపులా తెరవండి. ట్రైలర్‌ని జాకీతో కాస్త డ్రెయిన్ల వైపు వాల్చితే ఇంకో అరగాలన్ దాకా వస్తుంది. పంపుని ఓ అర నిమిషం నడిపి ఆపేయండి, తలలో మిగిలింది కొంత బయటికి పోతుంది. అంతకంటే ఎక్కువసేపు పొడిగా తిప్పక్కర్లేదు.

ఎక్కువమంది పొరపాటు చేసేది హీటర్ దగ్గర. పైన చెప్పినట్టు నీళ్లు దింపకముందే గ్యాస్ స్విచ్చి, కరెంటు స్విచ్చి రెండూ ఆపండి. సబర్బన్ కంపెనీ హీటర్లలో కరెంటు ఎలిమెంట్‌కి ఒక చిన్న స్విచ్చి బయటి తలుపు వెనక కిందివైపు ఎడమ మూల ఉంటుంది, అదీ ఆపేయండి. బ్రేకర్ కూడా దించేస్తే ఇంకా మంచిది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఎలిమెంట్ ఆన్ అయితే కొన్ని క్షణాల్లోనే కాలిపోతుంది. తర్వాత నీళ్లు చల్లారాలి. కొన్ని గంటలు ఆగండి, రాత్రి ఆపేసి పొద్దున్న చేస్తే ఇంకా నిశ్చింత. చల్లారాక లోపల ఒక వేణ్నీళ్ల కుళాయి తిప్పి ఒత్తిడి పోనివ్వండి. ఒత్తిడి ఉండగా అడుగు ప్లగ్ విప్పితే వేడినీళ్లతో సహా ముఖం మీదికి దూసుకొస్తుంది, ఇలా చేతులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు.

మీ హీటర్ ఏ రకమో తలుపు తీసి చూడండి. సబర్బన్ అయితే ఉక్కు ట్యాంకు, అడుగున పెద్ద బోల్టు, దానికి 1-1/16 అంగుళాల సాకెట్ కావాలి. ఆరు మూలల సాకెట్ తీసుకోండి, పన్నెండు మూలలది బోల్టు తలని గుండ్రంగా అరగదీస్తుంది. ఆ బోల్టుకే పొడుగ్గా ఒక యానోడ్ కడ్డీ అతికించి ఉంటుంది. నీటిలోని తుప్పుగుణం ట్యాంకుని తినకుండా ఆ కడ్డీని తినడానికే అది పెట్టారు. తీశాక చూడండి: వేలంత లావుండేది సన్నటి తీగలా మారి, ముక్కాలు భాగం పోయి ఉంటే కొత్తది కొనాల్సిందే. అట్వుడ్ లేదా డొమెటిక్ హీటరైతే ట్యాంకు అల్యూమినియం, ప్లగ్ తెల్లటి ప్లాస్టిక్. దీనికి యానోడ్ ఉండదు, తగిలించకూడదు కూడా. ఆ ప్లాస్టిక్ ప్లగ్ మరలు త్వరగా అరిగిపోతాయి, ఖరీదు తక్కువే కాబట్టి ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి.

ప్లగ్ విప్పాక పైనున్న ప్రెషర్ రిలీఫ్ వాల్వు మీట ఎత్తితే లోపలికి గాలిపోయి ఆరు గాలన్లూ ధారగా దిగుతాయి. చివర్లో తెల్లటి పెంకుల్లాంటి సున్నం ముక్కలు వస్తాయి. మిషిగన్‌లో చాలాచోట్ల ఉప్పునీళ్లు కాకపోయినా గట్టినీళ్లే, ట్యాంకు అడుగున అవి ఇసుకలా పేరుకుంటాయి. సన్నటి నాజిల్ గొట్టంతో ఆ కన్నంలోంచే కడగండి. ప్లగ్‌ని వసంతందాకా బయటే ఉంచవచ్చు, కన్నానికి జాలీ ముక్క అంటించండి, లేకపోతే సాలీళ్లు చేరతాయి. ట్యాంకు అడుగున కప్పో రెండు కప్పులో మిగిలినా దిగులు లేదు, ఉబ్బడానికి చుట్టూ బోలెడు చోటుంది.

తర్వాత బైపాస్. హీటర్ వెనక వైపు, లోపలినుంచి, మంచం కిందో వంటగది అల్మరా వెనకో నాలుగు స్క్రూల పలక ఉంటుంది. అది తీస్తే హీటర్‌లోకి పోయే చన్నీళ్ల పైపు, బయటికొచ్చే వేణ్నీళ్ల పైపు, రెంటినీ కలిపే అడ్డపైపు కనిపిస్తాయి. మూడు వాల్వులుంటే లోపలికి పోయేదీ బయటికొచ్చేదీ మూసి, అడ్డపైపుది తెరవాలి. పిడి పైపు పొడుగునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. కొన్నిట్లో ఒకే వాల్వు ఉంటుంది, రెండోవైపు చెక్ వాల్వు (నీటిని ఒకవైపే పోనిచ్చేది) చూసుకుంటుంది. ఇది సరిగా తిప్పకపోతే పింక్ అంతా ముందు హీటర్ ట్యాంకులోకి పోతుంది. ప్లగ్ బిగించి ఉంటే ఆరు గాలన్లు నిండేదాకా వేణ్నీళ్ల కుళాయిలో రంగు రాదు, తీసి ఉంటే ఆ కన్నంలోంచి బయటికే కారిపోతుంది. రెండు సీసాలు ఖాళీ అయినా వేడివైపు రంగు రావట్లేదంటే పంపుని తిట్టకండి, వెనక్కి పోయి బైపాస్ చూడండి. పిడులన్నీ సరిగానే ఉన్నా రంగు రావట్లేదంటే ఆ చెక్ వాల్వు ఇరుక్కుపోయి ఉండాలి. ట్యాంకు లేని రకం హీటరైతే దాని పుస్తకంలో చెప్పినట్టే చేయండి, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు.

నీటి ఫిల్టర్ కార్ట్రిడ్జ్ తీసి పారేయండి. దానిగుండా పింక్ పోతే కార్బన్ దాన్ని పట్టుకుని వసంతమంతా వదులుతూనే ఉంటుంది. గిన్నెని ఖాళీగా తిరిగి బిగించండి, లేదా బైపాస్ ముక్క పెట్టండి.

లో పాయింట్ మూతలు పెట్టేసి, కుళాయిలన్నీ మూసేసి, ఇప్పుడు పంపు దగ్గరికి రండి. చాలా ట్రైలర్లలో పంపు పక్కనే ఒక మూడుదారుల వాల్వు, దానికి ఒక చిన్న పారదర్శక గొట్టం ఉంటాయి. గొట్టం కొస సీసాలో ముంచి, వాల్వు అటు తిప్పి, పంపు వేస్తే పింక్ పీల్చుకుంటుంది. అది లేకపోతే ఆ కిట్ కొని పంపుకీ ఫ్రెష్ ట్యాంకుకీ మధ్య బిగించుకోండి. అరగంట పని, ప్రతి ఏడూ పనికొస్తుంది. ఫ్రెష్ ట్యాంకులోనే పింక్ పోసి అక్కణ్నుంచి లాగడం మాత్రం వద్దు. ట్యాంకు అడుగున ఎప్పుడూ కొంత నీరు మిగులుతుంది, దానితో కలిసి పలచబడుతుంది. పైగా వసంతంలో ట్యాంకు కడగలేక చస్తారు.

పంపు గుర్రుమంటుంది గానీ సీసా తగ్గట్లేదంటే ఎక్కడో గాలి లాక్కుంటోంది. నూటికి తొంభైసార్లు వడపోత గిన్నె దగ్గరే దొరుకుతుంది. ఆ గిన్నె విప్పి, ఓ-రింగ్ (రబ్బరు వలయం) గాడిలో సరిగా కూర్చుందో లేదో చూసి, చేత్తోనే గట్టిగా బిగించండి. పానా వాడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. సీసాని పంపు కంటే కాస్త ఎత్తులో పెట్టినా సాయపడుతుంది.

పంపు ఒత్తిడి పట్టి ఆగాక, దానికి దగ్గర్లోని కుళాయితో మొదలుపెట్టి దూరానికి వెళ్లండి. వరస తారుమారైతే కొంపలేం మునగవు గానీ ఒక్కటి కూడా మిగలకూడదు. ఒక్కో కుళాయికి ముందు వేడివైపు తిప్పండి. తెల్లనీళ్లు, తర్వాత తుంపర్లతో కూడిన గాలి, తర్వాత లేత గులాబీ, ఆపైన చిక్కటి పింక్ వస్తాయి. చిక్కబడ్డాక ఇంకో మూడు నాలుగు క్షణాలు వదిలి, చల్లవైపు అలాగే. షవర్ చేతిగొట్టాన్ని కిందికి దించి పట్టుకుని చేయండి, లేకపోతే ఆ గొట్టం వంపులో నీరు నిలుస్తుంది. టాయిలెట్ పెడల్ నొక్కి, బేసిన్‌లోకి చిక్కటి రంగు వచ్చేదాకా ఉంచండి.

ఇక అందరూ మరిచేవి. మొదటిది బయటి షవరు: ట్రైలర్ పక్కన చిన్న తలుపు వెనక ఉంటుంది, వేడి చల్లా రెండూ చేయాలి. వేసవిలో ఒక్కసారి కూడా వాడనివాళ్లు అసలు గుర్తే పెట్టుకోరు, అందుకే ఎక్కువగా పగిలేదీ అదే. రెండోది టాయిలెట్ పక్కన జెట్ స్ప్రే. మనవాళ్లు ట్రైలర్ కొనగానే చేసే మొదటి మార్పు ఇది. డీలరు మనిషికి ఇచ్చినా, అతని లిస్టులో ఇది ఉండదు కాబట్టి వదిలేస్తాడు. టాయిలెట్‌కి వచ్చే లైన్‌ని టీ జాయింట్‌తో చీల్చి తగిలించి ఉంటారు. ఆ టీ, దానిమీది చిన్న వాల్వు, స్ప్రే తుపాకీ మూడింటిలోనూ నీళ్లుంటాయి. వాల్వు తెరిచి, స్ప్రేని బేసిన్‌లోకి పెట్టి పింక్ వచ్చేదాకా నొక్కండి. తర్వాత ఆ వాల్వు మూసి, స్ప్రేని మళ్లీ ఒకసారి నొక్కి గొట్టంలో ఒత్తిడి తీసేయండి. ఇంకా భద్రంగా ఉండాలంటే స్ప్రేనీ గొట్టాన్నీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. ఫ్రిజ్‌కి ఐస్ మేకర్ ఉన్నా, బట్టలుతికే మెషీన్ ఉన్నా వాటి లైన్లనీ మరవద్దు.

మూడోది సిటీ వాటర్ ఇన్‌లెట్, అంటే బయట గొట్టం తగిలించే చోటు. దాని లోపల చెక్ వాల్వు ఉంటుంది, దాని వెనక కాస్త నీరు ఇరుక్కుంటుంది. పంపు ఆపి, లోపల ఒక కుళాయి తిప్పి ఒత్తిడి తీసేశాకే, బయట జాలీ ముక్క తీసి మధ్యలోని చిన్న పుల్లని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కండి. ఒత్తిడి ఉండగా నొక్కితే ఓ-రింగ్ ఊడొస్తుంది. నాలుగోది బ్లాక్ ట్యాంక్ కడిగే ఇన్‌లెట్ ఉంటే అది. దానికి పంపుతో సంబంధం లేదు కాబట్టి పింక్ అక్కడికి చేరదు. బ్లాక్ వాల్వు తెరిచి ఉంచి, తక్కువ ఒత్తిడి గాలి కాసేపు వదిలితే చాలు.

చివరగా లో పాయింట్ మూతలు ఒక్క క్షణం వదులు చేసి, రంగు కారగానే మళ్లీ బిగించండి. సింకులు, షవరు కింద వంపు తిరిగిన పి-ట్రాపుల్లో తలా ఒక కప్పున్నర పింక్ పోయండి. టాయిలెట్ బేసిన్‌లో సీలు మునిగేంత ఉంచితే రబ్బరు ఎండిపోదు. బ్లాక్, గ్రే ట్యాంకుల్లో చెరో పావు గాలన్ పడితే డంప్ వాల్వుల దగ్గర నీరు బిగుసుకోకుండా ఉంటుంది. సింకు, షవరు నేల తుడిచేయండి, కొన్ని ప్లాస్టిక్కుల మీద పింక్ మరక పడుతుంది. బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లు ఇదంతా అయ్యాకే తీయాలి, అది లేకపోతే పంపు తిరగదు.

డీలర్ సంగతి: పింక్ పద్ధతికి కావాల్సిన సరంజామా అతనడిగిన దానికంటే తక్కువకే వస్తుంది. చేయించుకోవాలనే అనుకుంటే పక్కన నిలబడి చూడండి, జెట్ స్ప్రే ఉందని ముందే చెప్పండి.

రూమ్ హీటరు మాట పూర్తిగా మరిచిపోండి. అది గదిని వేడి చేస్తుంది గానీ పైపులు నేల కింద, బయటి గోడల అంచున, అల్మరాల వెనక ఉంటాయి. అక్కడికి ఆ వేడి చేరదు. ఓ రాత్రి కరెంటు పోతే అంతే సంగతులు. ఎవరూ లేని ట్రైలర్‌లో నాలుగు నెలలు హీటరు వెలిగించి ఉంచడమంటే నిప్పుతో చెలగాటం కూడా.

ఇక డాలస్ ప్రయాణం. సుమారు 1,200 మైళ్లు, ట్రైలర్‌తో రెండు మూడు రోజులు. మిషిగన్‌లో బయల్దేరేటప్పుడు పింక్ అలాగే ఉంచండి. లోపల వెచ్చగా ఉన్నా, 20 డిగ్రీల చలిలో హైవే మీద పోతుంటే అడుగున గాలి తగిలే పైపుల్లోంచి వేడి, బండి ఆగి ఉన్నప్పటికంటే ఎంతో త్వరగా పోతుంది. దారిలో తాగడానికీ వంటకీ సీసా నీళ్లు, కాగితపు ప్లేట్లు. టాయిలెట్ వాడాల్సొస్తే పక్కన పెట్టుకున్న పింక్‌నే చెంబుతో పోసి పెడల్ నొక్కండి. మామూలు నీళ్లు పోస్తే బ్లాక్ ట్యాంకు వాల్వు దగ్గరున్న పింక్ పలచబడుతుంది. సింకూ వాడొద్దు, ట్రాపులో ఉన్న పింక్ కడుక్కుపోతుంది.

డాలస్ చేరాక వచ్చే వారం వాతావరణం చూసుకుని, రాత్రిళ్లు 32 కిందికి పోదనుకుంటేనే నీళ్లు నింపండి. నింపేముందు యానోడ్ లేదా ప్లగ్‌కి కొత్త టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, బైపాస్ వెనక్కి తిప్పి, వేణ్నీళ్ల కుళాయిలో తుంపర్లు ఆగి నిండు ధార వచ్చేదాకా హీటర్ ఆన్ చేయకండి. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ ఇదంతా చేయాలి, అందుకే మూడు గాలన్ల పింక్, సాకెట్ వెంట తీసుకెళ్లండి. చలికాలంలో డాలస్‌లో ఆర్వీ సామాను మీ ఊళ్లో దొరికినంత సులభంగా దొరక్కపోవచ్చు. నాలుగైదు రోజులే ఉండి, బావగారింట్లోనే స్నానాలవీ కానిచ్చేట్టయితే నీళ్లు నింపకుండా పింక్‌తోనే గడిపేయడం మా ఓటు. ఒకే సెలవులో రెండుసార్లు ఈ పని చేయడం కన్నా అది హాయి.

వసంతంలో పింక్ కడిగేశాక ట్యాంకునీ పైపుల్నీ శుద్ధి చేయాలి. ట్యాంకులో పట్టే ప్రతి 15 గాలన్లకి పావు కప్పు వాసన లేని క్లోరిన్ బ్లీచ్ లెక్కన తీసుకుని, ముందు బకెట్ నీళ్లలో కలిపి, ఆ తర్వాత ట్యాంకులో పోసి నింపండి. అన్ని కుళాయిల్లోనూ బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, మూసేసి, రాత్రంతా ఉంచి కడిగేయండి. ఆ రోజే ఇంకో పని: కుళాయిలన్నీ మూసి పంపు ఆన్ చేసి వదిలేయండి. ఒత్తిడి పట్టాక అది ఆగిపోవాలి, ఆగే ఉండాలి. ఎవరూ నీళ్లు వాడకుండానే కొన్ని నిమిషాలకోసారి టకటకమని కొట్టుకుంటోందంటే ఎక్కడో కారుతోంది. కాగితపు తువ్వాలు ముక్కలు టాయిలెట్ వెనకాల, బయటి షవర్ లోపలివైపు, పంపు కింద, హీటర్ వెనక పరిచి అరగంట ఆగి చూడండి, తడిసింది ఏదో తెలిసిపోతుంది. ఎక్కడా తడి కనబడకపోయినా పంపు ఇంకా కొట్టుకుంటూనే ఉంటే, దాని లోపలి చెక్ వాల్వులోంచి నీరు ట్యాంకులోకే వెనక్కి పోతూ ఉండవచ్చు. అలాంటప్పుడు పంపు మొత్తం మార్చక్కర్లేదు, తల కిట్ విడిగా దొరుకుతుంది.